లెపాంటోలో పోయిన ఎడమ చెయ్యి

గాలిమరలను రాక్షసులనుకొని, బక్కగుర్రం మీద ఈటె పట్టుకొని ఉరికిన ముసలి వీరుడి కథ మనలో చాలామందికి తెలుసు. ఆ పుస్తకం పేరు డాన్ క్విక్సోట్. స్పానిష్ వాళ్ళు డాన్ కిహోటె అంటారు. రాసింది మిగెల్ దె సెర్వాంటెస్. ఆయన రచయితగా పేరు తెచ్చుకోక ముందు సిపాయి. 24 ఏళ్ళ వయసులో ఒక పెద్ద సముద్ర యుద్ధంలో పాల్గొన్నాడు. ఎడమ చెయ్యి అక్కడే పాడైపోయింది. ఆ యుద్ధం పేరు లెపాంటో, తేదీ 1571 అక్టోబర్ 7.

ఈ మధ్య నా ఫీడ్‌లో లెపాంటో మీద రీల్స్ వస్తున్నాయి. వెనకాల గట్టి బీజీఎం, మంటల్లో ఓడలు, కింద ఒక మతం ఇంకో మతాన్ని ముంచేసిన రోజు అన్నట్టు క్యాప్షన్. అరవై సెకన్లలో యుద్ధం అయిపోతది. నాకు మాత్రం వేరే డౌటు వచ్చింది. గెలిచినవాళ్ళ ఓడల మీద నిలబడి కొట్లాడిన మామూలు సిపాయికి తర్వాత ఏమైంది? అట్లా వెతుక్కుంటూ పోతే సెర్వాంటెస్ దొరికాడు. అందుకే ఆయన కథ మీకు చెప్తున్నా.

అప్పుల ఇల్లు

సెర్వాంటెస్ 1547లో మాడ్రిడ్ దగ్గరి అల్కలా దె ఎనారెస్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి రోడ్రిగో వైద్యుడే కానీ పెద్ద డాక్టరేం కాదు. ఎముకలు కట్టడం, నెత్తురు తీయడం, చిన్నచిన్న కోతలు కోయడం ఆయన పని. సంపాదన తక్కువ, అప్పులు ఎక్కువ. అప్పుల కిందనే ఒకసారి జైలుకూ పోయాడు. ఏడుగురు పిల్లల్లో మిగెల్ నాలుగోవాడు. ఇల్లు ఊళ్ళు మారుతూ తిరిగింది. మిగెల్ యూనివర్సిటీలో చదివినట్టు ఎక్కడా ఆధారం లేదు.

1569లో స్పెయిన్ రాణి చనిపోయాక మాడ్రిడ్‌లో ఒక సంస్మరణ పుస్తకం వేశారు. అందులో ఈ కుర్రాడి పద్యాలు కొన్ని అచ్చయ్యాయి. అదే ఏడాది అదే పేరు మీద ఒక అరెస్టు వారెంటు కూడా పుట్టింది. కొట్లాటలో ఒకతన్ని గాయపరిచినందుకు కుడి చెయ్యి నరకాలి, పదేళ్ళు దేశం నుంచి వెళ్ళగొట్టాలి అని దాని సారం. ఆ మిగెల్ మన మిగెలేనని చాలామంది చరిత్రకారులు అనుకుంటారు. ఏదేమైనా ఆ ఏడాది చివరికి ఆయన రోమ్‌లో తేలాడు. అక్కడ ఒక మతపెద్ద ఇంట్లో కొన్నాళ్ళు కొలువు చేసి, ఆ తర్వాత స్పెయిన్ సైన్యంలో చేరాడు. తమ్ముడు రోడ్రిగో కూడా సిపాయి అయ్యాడు.

ఆ కాలం మన దగ్గర ఎట్లా ఉందో ఒకసారి గుర్తు తెచ్చుకుందాం. తళ్ళికోట యుద్ధం 1565లో అయిపోయింది. గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్ షా ఏలుతున్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నది ఆయన్నే. గద్దె ఎక్కకముందు అన్నకు భయపడి ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు, తర్వాత అదే విజయనగరం మీద యుద్ధానికి వచ్చిన సుల్తానుల్లో ఒకడయ్యాడు. కాబట్టి రాజుల యుద్ధాల్లో మతం ఎంత, రాజ్యం ఎంత అన్న ప్రశ్న మనకు కొత్త కాదు.

తెడ్ల ఓడల యుద్ధం

లెపాంటోకు కారణం సైప్రస్ దీవి. అది వెనిస్ చేతిలో ఉండేది. 1570లో ఒట్టోమన్ సుల్తాన్ రెండో సెలీమ్ సైన్యం దాని మీద పడింది. ఆ ఏడాది నికోసియా పడిపోయింది, 1571 ఆగస్టులో ఫమగుస్తా కూడా పోయింది. పోప్ ఐదో పయస్ మధ్యలో ఉండి స్పెయిన్, వెనిస్ వాళ్ళను కలిపి పవిత్ర కూటమి కట్టించాడు. క్రైస్తవ రాజ్యాలన్నీ అందులో ఉన్నాయనుకోవద్దు. ఫ్రాన్స్‌కు ఒట్టోమన్లతో స్నేహం ఉంది, అది దూరంగా ఉండిపోయింది. కూటమి నౌకాదళానికి నాయకుడు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కు సవతి తమ్ముడు, డాన్ హువాన్. సెర్వాంటెస్ ఈడువాడే.

రెండు పక్షాలూ గ్యాలీలతోనే వచ్చాయి. గ్యాలీ అంటే పొడవాటి, సన్నటి, తెడ్లతో నడిచే యుద్ధనౌక. ఒక్కోదానికి ఇంచుమించు 200 మంది తెడ్లు వేసేవాళ్ళు కావాలి. ఫిరంగులు ఓడ ముక్కు దగ్గర ఉంటాయి. అంటే ఓడ ఎటు చూస్తే గుండు అటే పోతది. మన భాషలో చెప్పాలంటే డిజైన్‌లోనే ఉన్న లిమిటేషన్ అది. దానికి వెనిస్ వాళ్ళు ఒక ఉపాయం చేశారు. పెద్ద సరుకు ఓడలను మార్చి, పక్కల నుంచి కూడా ఫిరంగులు పేలేటట్టు ఆరు గ్యాలియస్‌లు తయారుచేశారు. అవి బరువెక్కువ, సొంతంగా మెల్లగా కదుల్తాయి. వాటిని తాళ్ళతో లాగి వరుస ముందర నిలబెట్టారు. ఇంకో మార్పు డాన్ హువాన్ చేయించాడు. గ్యాలీల ముక్కుకు ఉండే పొడవాటి కొమ్ములను కోయించేశాడు. అవి అడ్డం లేకపోతే ఫిరంగిని కిందికి వంచి, ఎదుటి ఓడ ఒడ్డుకు సూటిగా కొట్టొచ్చు.

గ్రీసు పక్కన పత్రాస్ అఖాతం ముఖద్వారంలో పొద్దున రెండు దళాలు ఎదురుపడ్డాయి. ఒక్కో వైపు 200కు పైగా ఓడలు. రెండు వైపులా కలిపి లక్షకు పైగా మనుషులు. సెర్వాంటెస్ ఎక్కిన గ్యాలీ పేరు మార్కేసా. అది ఎడమ వరుసలో ఉంది. ఆరోజు ఆయనకు జ్వరం. కిందనే పడుకోమని కెప్టెన్, తోటివాళ్ళు చెప్పినా వినలేదు. కింద దాక్కుని బతకడం కన్నా దేవుడి కోసం, రాజు కోసం చావడం మేలని చెప్పి, ప్రమాదమైన చోటే తనను నిలబెట్టమని అడిగాడు. పన్నెండు మందితో చిన్న పడవ వేలాడే చోట ఆయన్ని పెట్టారు. ఈ సంగతి తర్వాత ఆయన తోటి సిపాయిలు అధికారుల ముందు ఇచ్చిన వాంగ్మూలాల్లో ఉంది.

యుద్ధం నాలుగైదు గంటలు సాగింది. గ్యాలియస్‌ల ఫిరంగులు ఒట్టోమన్ వరుసను ముందే చెదరగొట్టాయి. తర్వాత ఓడకు ఓడ తగులుకుంది. ఇక అది సముద్రం మీద జరిగిన నేలయుద్ధమే. ఒక డెక్ మీది నుంచి ఇంకో డెక్ మీదికి దూకి కత్తులతో, తుపాకులతో, బాణాలతో కొట్టుకున్నారు. ఒట్టోమన్ సేనాని అలీ పాషా చచ్చిపోయాడు. సెర్వాంటెస్ ఛాతీలో రెండు గుండ్లు దిగాయి. మూడోది ఎడమ చేతికి తగిలింది. ఆ చెయ్యిని నరికేయలేదు, ఒంటికే ఉంది కానీ నరాలు చచ్చి పనికిరాకుండా పోయింది. మెసీనా ఆసుపత్రిలో నెలల తరబడి పడి ఉన్నాడు.

కూటమి వైపు సుమారు 7,500 మంది చనిపోయారు. ఒట్టోమన్ వైపు 20,000 దాకా అంటారు. ఒట్టోమన్ ఓడల్లో గొలుసులతో కట్టేసి ఉన్న 12,000 మంది దాకా క్రైస్తవ బానిసలకు ఆరోజు విడుదల దొరికింది. రీల్స్ ఇక్కడి దాకా చెప్పి ఆపేస్తాయి. క్రైస్తవ ఓడల్లో తెడ్లు వేసింది ఎవరు? చాలా ఓడల్లో శిక్ష పడిన ఖైదీలు, ముస్లిం బానిసలు. రెండు వైపులా గొలుసుతో తెడ్డు లాగేవాడికి పైన ఎగిరే జెండాతో సంబంధం లేదు. ఓడ మునిగితే గొలుసుతో సహా మునగడమే.

గెలిచాక

ఐరోపా అంతా గంటలు మోగించింది, బొమ్మలు గీయించింది. ఒట్టోమన్లను సముద్రంలో ఓడించలేమన్న భయం పోయింది, అది చిన్న విషయం కాదు. కానీ ఆ చలికాలంలోనే ఒట్టోమన్లు 150కి పైగా గ్యాలీలు కొత్తగా కట్టించుకున్నారు. యుద్ధంలో పోయిన ఆరితేరిన విలుకాళ్ళు, నావికులు మాత్రం ఒక్క చలికాలంలో తయారుకారు కదా. ఓడల లెక్క సరిపోయింది, పనితనం లెక్క సరిపోలేదు. ఇక్కడ వెనిస్‌కు వ్యాపారం ఆగిపోయి చేతులు కాలుతున్నాయి. 1573లో విడిగా సంధి చేసుకొని సైప్రస్‌ను వదిలేసింది. ఏ దీవి కోసం యుద్ధం మొదలైందో ఆ దీవి ఓడినవాళ్ళకే మిగిలింది. 1574లో ట్యునిస్ కూడా వాళ్ళే తీసుకున్నారు. లెపాంటో అంతటినీ తేల్చేసిందా, కాదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఒక్క మాటలో మాత్రం తేడా లేదు, మధ్యధరా సముద్రంలో తెడ్ల ఓడలతో జరిగిన ఆఖరి మహాయుద్ధం అదే.

సెర్వాంటెస్ ఒంటి చేత్తోనే ఇంకో నాలుగేళ్ళు సిపాయిగా ఉన్నాడు. 1575లో సెలవు తీసుకొని, తమ్ముడితో కలిసి నేపుల్స్ నుంచి స్పెయిన్‌కు ఓడ ఎక్కాడు. జేబులో డాన్ హువాన్ ఇచ్చిన సిఫారసు ఉత్తరం, ఇంకో ప్రభువు ఇచ్చిన ఉత్తరం ఉన్నాయి. ఊరికి పోతే వాటితో మంచి ఉద్యోగం దొరుకుతదని ఆశ. తీరం దగ్గరికి వచ్చాక అల్జీర్స్ సముద్రపు దొంగలు ఓడను పట్టుకున్నారు. ఉత్తరాలు చూసి, ఇంత పెద్దవాళ్ళు రాసి ఇచ్చారంటే ఇతనెవరో గొప్పింటివాడనుకున్నారు. వెల 500 బంగారు ఎస్కుడోలు కట్టారు. ఉద్యోగం ఇప్పిస్తాయనుకున్న కాగితాలే గొలుసు బిగించాయి.

అల్జీర్స్‌లో ఐదేళ్ళు

అల్జీర్స్‌లో బందీలను పట్టడం, అమ్మడం, సొమ్ము తీసుకొని వదలడం ఒక పెద్ద వ్యాపారం. ఇటు క్రైస్తవ రేవుల్లోనూ ముస్లిం బందీల వ్యాపారం నడిచేది. సెర్వాంటెస్ నాలుగుసార్లు పారిపోవాలని చూశాడు. మొదటిసారి కాలినడకన ఒరాన్ దిక్కు పోతుంటే దారి చూపేవాడు మధ్యలో వదిలేసి పోయాడు. రెండోసారి ఊరి బయట గుహలో తోటి బందీలను నెలల తరబడి దాచి, ఓడ కోసం చూశారు. లోపలివాడే పట్టించాడు. మూడోసారి ఒరాన్‌కు ఉత్తరం పంపితే తీసుకుపోయినవాణ్ణి కొర్రు ఎక్కించి చంపారు. సెర్వాంటెస్‌కు 2,000 దెబ్బలు శిక్ష వేశారు కానీ అమలు కాలేదు. నాలుగోసారి 60 మందిని ఓడ ఎక్కించాలని చూసి మళ్ళీ దొరికిపోయాడు. గుహలో దొరికినప్పుడూ, ఓడ సంగతి బయటపడ్డప్పుడూ తప్పంతా నాదే, మిగిలినవాళ్ళను ఏమీ అనొద్దని ముందుకు వచ్చాడు.

ఆయన చుట్టూ ఉన్నవాళ్ళను చూడండి. అల్జీర్స్‌ను ఏలుతున్న హసన్ పాషా పుట్టుకతో వెనిస్ మనిషి, బందీగా వచ్చి మతం మారినవాడు. ఓడను పట్టుకున్న దొంగల నాయకుడు అర్నౌత్ మామీ అల్బేనియా నుంచి వచ్చి మతం మారినవాడు. లెపాంటోలో ఒట్టోమన్ల ఎడమ వరుస నడిపి, తప్పించుకొని, తర్వాత వాళ్ళ నౌకాదళాన్ని మళ్ళీ నిలబెట్టిన ఉలుచ్ అలీ ఇటలీలోని కలాబ్రియాలో పుట్టి, బందీగా తెడ్డు లాగినవాడు. యుద్ధంలో ఎదురుగా కనిపించిన శత్రువు, దగ్గరికి పోయి చూస్తే ఇటలీ యాసలో మాట్లాడుతున్నాడు. ఈ సంగతి రీల్‌లో పట్టదు.

ఇంటి దగ్గర తల్లి లియొనోర్ సొమ్ము కోసం తిరిగింది. భర్త బతికే ఉన్నా విధవనని రాసుకొని సర్కారు సాయం అడిగింది. చేతికి వచ్చినదాంతో 1577లో చిన్న కొడుకు రోడ్రిగో విడుదలయ్యాడు, పెద్దవాడికి సరిపోలేదు. మా కమ్మర్‌పల్లి దిక్కు గల్ఫ్‌లో ఇరుక్కుపోయిన కొడుకు కోసం కాగితాలు సంచిలో పెట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగే అమ్మలు ఉంటరు. లియొనోర్ అబద్ధం ఎందుకు రాయించిందో వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పే పని లేదు.

1580 సెప్టెంబర్ 19న సెర్వాంటెస్‌ను గొలుసులతో ఓడ ఎక్కించారు. హసన్ పాషా పదవి అయిపోయి ఇస్తాంబుల్ పోతున్నాడు, బందీలను కూడా తీసుకుపోతున్నాడు. అక్కడికి పోతే ఇక తిరిగి రావడం కల్ల. అప్పుడు హువాన్ హిల్ అనే సన్యాసి వచ్చాడు. ఆయన త్రినిటేరియన్ మఠానికి చెందినవాడు. బందీలను విడిపించడమే ఆ మఠం పని. ఇంటివాళ్ళు ఇచ్చిన 300కు తోడు, మిగతాది అక్కడి క్రైస్తవ వ్యాపారుల దగ్గర, మఠం సొమ్ములో సర్ది 500 పూర్తి చేసి దింపించాడు.

చీటీలు రాసే ఉద్యోగం

ఇంటికి వచ్చేసరికి లెపాంటోకు తొమ్మిదేళ్ళు దాటాయి. ఆ వీరులను పట్టించుకునేవాళ్ళు లేరు. డాన్ హువాన్ 1578లోనే చనిపోయాడు. నాటకాలు రాశాడు, 1585లో ఒక నవల వేశాడు, అవి తిండి పెట్టలేదు. 1587లో ఉద్యోగం దొరికింది. ఇంగ్లండ్ మీదికి పోయే ఆర్మడా నౌకాదళం కోసం ఆండలూసియా ఊళ్ళలో గోధుమలు, ఆలివ్ నూనె సేకరించే పని. డబ్బు వెంటనే ఇచ్చేది లేదు, చీటీ రాసి తీసుకుపోవడమే. మన దగ్గర పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి కుప్ప పోసినంక ఎవరో సర్కారు మనిషి వచ్చి చీటీ చేతిల పెట్టి బండ్లెత్తుకపోతే ఎట్లుంటది? ఊళ్ళన్నీ ఆయన్ని తిట్టుకున్నాయి. చర్చి ధాన్యం తీసుకున్నందుకు మతం నుంచి వెలివేశారు. ఆ ఆర్మడా కూడా 1588లో ఓడిపోయి వచ్చింది.

1590లో రాజుకు దరఖాస్తు పెట్టాడు. లెపాంటో, గాయాలు, అల్జీర్స్ అన్నీ వరుసగా రాసి, అమెరికా ఖండంలోని స్పెయిన్ రాజ్యంలో ఖాళీగా ఉన్న నాలుగు ఉద్యోగాల్లో ఏదో ఒకటి ఇమ్మన్నాడు. ఇక్కడే ఏదైనా చూసుకోమని దాని మీదే రాసి తిప్పి పంపారు. తర్వాత పన్నులు వసూలు చేసే పని. వసూలు చేసిన సొమ్ము సెవిల్‌లో ఒకరి దగ్గర దాస్తే ఆయన దివాళా తీశాడు. లెక్క తేలక 1597లో సెర్వాంటెస్ జైలుకు పోయాడు. చిన్నప్పుడు తండ్రి పోయిన దారే.

1605లో, 57 ఏళ్ళ వయసులో, డాన్ క్విక్సోట్ మొదటి భాగం మాడ్రిడ్‌లో అచ్చయింది. మన హైదరాబాద్‌లో చార్మినార్ లేచి అప్పటికి పద్నాలుగేళ్ళు. పుస్తకం ఊరూరా పాకింది. హక్కులు ముందే అమ్ముకున్నాడు కాబట్టి ఆయన చేతికి పెద్దగా రాలేదు.

నన్ను బాగా ఆపింది ఈ పుస్తకంలోని ఒక ఏర్పాటు. ఈ కథ నేను రాయలేదు అంటాడు సెర్వాంటెస్. టొలేడో బజార్‌లో పాత కాగితాల కట్ట ఒకటి దొరికిందట. అది అరబ్బీలో ఉందట. రాసినవాడు సీదె హమేతె బెనెంగెలి అనే అరబ్ చరిత్రకారుడట. అరబ్బీ తెలిసిన ఒక మోరిస్కోకు, అంటే క్రైస్తవంలోకి మారిన ముస్లింల వంశస్తుడికి, ఎండుద్రాక్ష, గోధుమలు కూలిగా ఇచ్చి అనువాదం చేయించుకున్నాడట. ఇదంతా కల్పనే, నవ్వించడానికే. అరబ్బులు అబద్ధాలకోర్లని మధ్యలో ఎత్తిపొడుస్తాడు కూడా. అయినా చూడండి, లెపాంటోలో చెయ్యి పోగొట్టుకున్న మనిషి తన జీవితంలోని పెద్ద పుస్తకానికి కర్తగా ఒక ముస్లిం పేరు పెట్టాడు.

1609లో రాజు మోరిస్కోలందరినీ దేశం నుంచి వెళ్ళగొట్టమన్నాడు. కొద్ది ఏళ్ళలో సుమారు మూడు లక్షల మంది పోయారు. 1615లో వచ్చిన రెండో భాగంలో రికోతె అనే మోరిస్కో, మారువేషంలో సొంత ఊరికి తిరిగొస్తూ దారిలో పాత పొరుగువాడు సాంచోకు కనిపిస్తాడు. ఇద్దరూ కూర్చొని తింటారు, తాగుతారు. దాచిన సొమ్ము తవ్వడానికి సాయం రమ్మంటే సాంచో రానంటాడు, కానీ ఎవరికీ చెప్పనని మాట ఇస్తాడు. రాజు చేసింది సరైందేనన్న మాటలు కూడా సెర్వాంటెస్ ఆ రికోతె నోటే పలికించాడు. సెన్సార్ ఉన్న రోజులవి. ఏది భయం, ఏది నమ్మకం అని మనం తేల్చలేం. ఊరు విడిచిన మనిషి తన ఊరి కోసం ఏడ్చే ఏడుపు మాత్రం అందులో నిజంగా వినిపిస్తది.

సెర్వాంటెస్‌ను ఈ కాలపు సెక్యులర్ మనిషిగా చూపించాలని నేను అనుకోవట్లేదు. 1614లో ఎవరో మారుపేరుతో దొంగ రెండో భాగం రాసి, ఆయన ముసలితనాన్ని, చచ్చుపడ్డ చేతిని వెక్కిరించారు. తన రెండో భాగం ముందుమాటలో ఆయన గట్టిగా జవాబిచ్చాడు. ఆ చెయ్యి కల్లు దుకాణం కొట్లాటలో పోలేదని, చరిత్రలోనే గొప్ప రోజున పోయిందని, మళ్ళీ అవకాశం వచ్చినా చెయ్యి బాగుండి ఇంట్లో ఉండడం కన్నా గాయాలతో అక్కడ ఉండడమే కోరుకుంటానని దాని అర్థం. చివరి దాకా లెపాంటో ఆయనకు గర్వమే. ఆ గర్వాన్ని వదలకుండానే అవతలి మనిషిని మనిషిగా చూశాడు. ఈ రెండూ ఒకే గుండెలో ఉండలేవని మనకు చెప్పేవాళ్ళే ఇప్పుడు ఎక్కువ.

1616 ఏప్రిల్ 22న మాడ్రిడ్‌లో చనిపోయాడు. మూడు రోజుల ముందు దాకా తన ఆఖరి నవలకు అంకితం రాస్తూనే ఉన్నాడు. త్రినిటేరియన్ సన్యాసినుల మఠంలో పాతిపెట్టారు. అల్జీర్స్‌లో గొలుసు విప్పించిన మఠం శాఖే అది. ఎక్కడ పాతారో ఆనవాలు కూడా పోయింది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 2015లో, అక్కడి నేల తవ్వి, కలిసిపోయిన ఎముకల్లో ఆయనవీ ఉన్నాయని పరిశోధకులు ప్రకటించారు.

డాన్ క్విక్సోట్ చదవాలనుకునేవాళ్ళు లావు చూసి భయపడకండి. మొదటి భాగంలో 39 నుంచి 41 దాకా మూడు అధ్యాయాలు ముందు చదవండి. అందులో ఒక సిపాయి తన కథ చెప్తాడు. లెపాంటో రోజు శత్రు ఓడ మీదికి అందరికన్నా ముందు దూకుతాడు. ఓడలు విడిపోయి, వెనకవాళ్ళు రాలేక, ఒంటరిగా బందీ అవుతాడు. వేలమంది బానిసలకు గొలుసులు తెగిన ఆ రోజునే, గెలిచిన పక్షంవాడై ఉండి, అతని కాళ్ళకు సంకెళ్ళు పడతాయి.